పేగులు ముందే చెప్పే మాట



వణుకుడు రోగాన్ని గూర్చి 1817లో లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ ఒక చిన్న గ్రంథం ప్రకటించాడు. రోగుల చేతుల వణుకుతో పాటు వారి మలబద్ధకాన్నీ అందులో పేర్కొన్నాడు. ఆ రెండింటికీ గల సంబంధాన్ని 2003లో జర్మన్ శాస్త్రజ్ఞుడు హైకో బ్రాక్ ఊహించాడు. ఈ వ్యాధిలో ఆల్ఫా సిన్యూక్లిన్ అనే ప్రొటీను నాడీకణాలలో ముద్దకడుతుంది. అది పేగుల నాడులలో ఆరంభమై, వేగస్ నాడి వెంట మెదడుకు చేరవచ్చునని ఆయన భావన.

2016లో అమెరికాలోని కాల్టెక్ పరిశోధకులు ఆ ప్రొటీను అధికంగా గల ఎలుకలను సూక్ష్మజీవులు సోకకుండా పెంచారు. వాటి కదలికలలో లోపాలు తగ్గాయి. రోగుల పేగులలోని బాక్టీరియాను చేర్చగా లోపాలు పెరిగాయి. మనుషులలోనూ ఇంతేనని ఇంకా రుజువు కాలేదు.

అయినా ఒక సంగతి స్థిరపడింది. వణుకుకు ఎన్నో ఏళ్ల ముందే మలబద్ధకం కనిపించవచ్చు. మన పెద్దలు సిగ్గుపడి ఆ మాట కన్నబిడ్డలకైనా చెప్పరు. అది ఒక్కటే ఉంటే భయం వలదు, ఎందరికో ఉండేదే. దానికి తోడు వాసన తెలియకపోవడం, కలలో కొట్లాడుతున్నట్లు నిద్రలో చేతులు విసరడం ఉంటే వైద్యునికి తప్పక చెప్పాలి. ఆయన భాష రానివారు ఈ మూడింటినీ కాగితంపై రాయించుకొని వెళ్లవచ్చు.

పీచుగల ఆహారం, మజ్జిగ మంచివే. అయితే వాటిని నమ్మి వైద్యుడిచ్చిన మందులు మానరాదు. ఇంటి పెద్దలను ఈ రాత్రే మెల్లగా అడగండి.