కడుపు మెలినొప్పి బిళ్లలు – ఎవరికి, ఎంతవరకు?

(గ్రామ పంచాయతీ సభ్యుల నుద్దేశించి ఒక వైద్యుడు చేసిన ప్రసంగపాఠము)



ఆరోగ్యమును గూర్చి మాటలాడుమని వైద్యుని పిలిచినపుడెల్ల మంచినీరు, దోమలు, టీకాలు – ఈ మూడింటిని గూర్చియే మాటలాడుట ఆచారమైనది. అవి ముఖ్యములే. కాని నేడు నేను వేరొక విషయము నెత్తుకొనుచున్నాను. మందుల దుకాణమునకు వచ్చి, "కడుపులో మెలిపెట్టుచున్నది, ఒక బిళ్ల ఇమ్ము" అని అడుగువారు ప్రతి గ్రామమునను ఉన్నారు. దుకాణదారుడు అట్టనుండి ఒక బిళ్లను కత్తిరించి యిచ్చును. కొంతసేపటికి నొప్పి తగ్గును. పది దినములకు మరల వచ్చును. మరల బిళ్ల. ఈ విధముగా సంవత్సరములు గడపువారు కలరు. ఆ బిళ్ల చేయు మేలేమి, చేయజాలని దేమి, దానిని మ్రింగుట యెప్పు డపాయకరము అను సంగతులు మీకు తెలిసియుండవలెను.

ఇది వైద్యుల పని కదా, మాకేల యని మీరడుగవచ్చును. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణతో చేర్చిన 11వ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన అంశములు 29 కలవు. వానిలో 23వది ఆరోగ్యము, పారిశుద్ధ్యము. ప్రాథమిక ఆరోగ్య కేంద్రములును దానిలోనివే. చట్టము మాట యటుంచుడు. గ్రామములో ఎవరికి బాధ కలిగినను ముందుగా మీ గుమ్మములోనికే వచ్చి, "ఎక్కడికి పోవలెను?" అని అడుగుదురు. మీరు చెప్పిన చోటికే పోవుదురు.

ముందుగా జబ్బు సంగతి. మన చిన్నపేగు పొడవు సుమారు 20 అడుగులు, పెద్దపేగు 5 అడుగులు. వాని గోడలలో కండరపు పొరలు కలవు. వానపాము ఒడలు ముడిచి, సాచి ప్రాకునట్లు ఆ కండరములు ముడుచుకొనుచు, సడలుచు ఆహారమును ముందునకు త్రోయును. ఆరోగ్యవంతునకు ఈ కదలిక తెలియనే తెలియదు. కొందరిలో పేగునకు, మెదడునకు నడుమ సాగు సంకేతములు అదుపు తప్పును. అపుడు కండరము అతిగా బిగియును. మామూలు కదలిక సయితము నొప్పిగా తోచును. కొందరికి విరేచనములు, కొందరికి మలబద్ధము, మరికొందరికి ఒకటి తరువాత నొకటి. దీనికే ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్ అని పేరు; పొడి అక్షరములలో ఐ.బి.ఎస్. అందురు. ఆరు నెలల క్రిందటనో, అంతకు ముందో మొదలై, గడచిన మూడు నెలలుగా వారమునకు కనీస మొక దినము నొప్పి వచ్చుచు, ఆ నొప్పికి విరేచనముతో సంబంధము గాని, విరేచనముల సంఖ్యలోను రూపములోను మార్పు గాని కనబడినచో – ఈ మూడింటిలో రెండైనను ఉన్నచో – ఐ.బి.ఎస్. అని 2016లో వెలువడిన రోమ్ ప్రమాణములు చెప్పుచున్నవి.

ఈ జబ్బులో గొట్టము వేసి చూచినను పుండు గాని గడ్డ గాని అగపడదు. అందుచేత కొందరు వైద్యులు "నీకేమియు లేదు, పొమ్ము" అందురు. నేనీ మాటను ఒప్పుకొనను. నొప్పి నిజమైనది, దాని కారణము మాత్రమే కంటికి కనబడనిది. ఏమియు లేదనిపించుకొన్న రోగి యెక్కడికి పోవును? ఎవరో అన్నములో "మందు పెట్టినారు" అని యిరుగుపొరుగు వారందురు. పెట్టుడు మందును కక్కింతుమనువారి యొద్దకు తీసికొనిపోవుదురు. పసరు త్రాగించి వాంతి చేయించి, వాంతిలో నొక ముద్దను చూపి సొమ్ము పుచ్చుకొందురు. నొప్పి తిరిగి వచ్చును. దానితోపాటు మందు పెట్టినదన్న నింద అత్తమీదనో, కోడలిమీదనో, పొరుగింటి వారిమీదనో పడును. ఈ నిందలు తుదకు మీ యెదుటికే పంచాయతీగా వచ్చుచుండును కదా!

ఇక మందుల సంగతి. బిగిసిన పేగు కండరమును సడలించు మందులను యాంటీస్పాస్మోడిక్ మందులందురు. వీనిలో రెండు తెగలు ముఖ్యమైనవి. మొదటి తెగ నరము నుండి కండరమునకు వచ్చు ఆజ్ఞను అడ్డగించును. డైసైక్లోమిన్, హయోసిన్ బ్యూటైల్‌బ్రోమైడ్ ఈ తెగలోనివి. రెండవ తెగ కండరము మీదనే పనిచేయును. మెబెవరిన్, హంగరీ దేశమున రూపొందిన డ్రోటావరిన్ ఇట్టివి. పుదీనా జాతి తైలమును పేగులో మాత్రమే కరగు గొట్టపు మాత్రగా చేసి యిచ్చుటయు కలదు. దానివలన కొందరికి గుండెలో మంట పుట్టును.

మొదటి తెగ మీకు క్రొత్తది కాదు. మన పుంతల ప్రక్కన పెరుగు ఉమ్మెత్తలో హయోసిన్, అట్రోపిన్ అను పదార్థములు కలవు. ఉమ్మెత్త గింజలు తిన్నవాని నోరు ఎండిపోవును, కనుపాపలు పెద్దవగును, గుండె వడిగా కొట్టుకొనును, మూత్రము బిగియును, మతి తప్పును. 1951లో వాడుకలోనికి వచ్చిన హయోసిన్ బ్యూటైల్‌బ్రోమైడ్, ఆస్ట్రేలియాలో పెరుగు దుబోయిసియా అను చెట్టు ఆకులనుండి తీసిన హయోసిన్‌ను మార్చి చేసినది. అది రక్తములోనికి మిక్కిలి తక్కువగా చేరును గనుక ఆ దుర్గుణములు చాలవరకు తగ్గినవి, పూర్తిగా పోలేదు. డైసైక్లోమిన్‌లో అవి మరికొంత ఎక్కువ. ఇది విని ఉమ్మెత్త ఆకు నూరి మ్రింగుట కెవరును సాహసింపరాదు. తూచి యిచ్చిన పది మిల్లీగ్రాముల మందునకు, ఎంత విషమున్నదో తెలియని ఆకునకు పోలిక లేదు.

మందు నిజముగా పనిచేయునా? 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో 22 పరీక్షల ఫలితములను కలిపి చూచిరి. వానిలో రోగులు 1,778 మంది. మందు పుచ్చుకొన్న వారిలో నూటికి 39 మందికి బాధ మిగిలినది. ఉత్తుత్తి బిళ్ల పుచ్చుకొన్న వారిలో నూటికి 56 మందికి మిగిలినది. అనగా అయిదుగురికి మందిచ్చినచో వారిలో ఒకరికి ఆ మందు మూలముననే గుణమిచ్చినదని లెక్క. అదే యేట ఇంగ్లండు దేశపు నైస్ సంస్థ ఈ మందులను అవసరమైనపుడు, ఆహారనియమములతో కలిపి వాడుకొనవచ్చునన్నది. 2021లో అమెరికా జీర్ణకోశ వైద్యుల సంఘము తమ దేశమున దొరకు వానికి తగినంత బలమైన సాక్ష్యము లేదని వాడవద్దని సూచించినది. పెద్దలలోనే భేదాభిప్రాయము కలదు. నా మట్టుకు నేను మధ్యమార్గమునే ఎన్నుకొందును: మెలిపెట్టు నొప్పి యున్న దినములలో, వైద్యుడు చెప్పిన మోతాదున, కొన్ని వారములు వాడి చూడవలెను, గుణము లేనిచో మానవలెను. మెబెవరిన్‌ను భోజనమునకు 20 నిమిషములు ముందుగా పుచ్చుకొందురు. ఇది జబ్బును మాన్పు మందు కాదు, నొప్పిని అణచు మందు.

ఈ బిళ్లలు అందరికిని తగినవి కావు. నీటికాసులు అను కంటిజబ్బు ఉన్నవారికి, ప్రోస్టేటు గ్రంథి పెరిగి మూత్రము సరిగా రాని ముసలివారికి మొదటి తెగ మందులు హాని చేయగలవు. ఆరు నెలలు నిండని శిశువునకు డైసైక్లోమిన్ చుక్కలు ఎంతమాత్రము పోయరాదు. ఊపిరి ఆగిపోవు ప్రమాదము కలదు. బిడ్డ ఏడ్చుచున్నదని తల్లులు అడుగుదురు, దుకాణదారులు ఇత్తురు. ఈ సంగతిని ఆశా కార్యకర్తలచేత ఇంటింటికి చెప్పించుడు. ఇంకొకటి. డైసైక్లోమిన్ చెమటను తగ్గించును. చెమట పట్టనివాడు ఎండలో చల్లబడడు. కావున మే నెలలో మట్టిపనికి, కోతలకు పోవువారు ఆ బిళ్ల మ్రింగి పనిలో దిగరాదు. దిగినచో వడదెబ్బ తగులవచ్చును. వేసవిలో పనులు జరుగు చోట సభ్యులే ఈ మాట చెప్పుట మంచిది. మరియు దుకాణములలో దొరకు బిళ్లలు పెక్కు ఒంటరి మందులు కావు. డైసైక్లోమిన్‌తో పారాసెటమాల్‌నో, మెఫెనమిక్ ఆమ్లమునో కలిపినవి. నొప్పికొకటి, జ్వరమునకొకటి వేసికొన్నవాడు తెలియక ఒకే మందును రెండింతలు మ్రింగినవాడగును. మెఫెనమిక్ ఆమ్లము వలన అరుదుగా జ్వరము, దద్దురులతో కూడిన తీవ్రమైన ప్రతిక్రియ కలుగవచ్చునని 2023లో భారత ఔషధ ప్రమాణ సంఘము హెచ్చరించినది.

అన్నింటికన్న ముఖ్యమైనది ఇపుడు చెప్పెదను. కడుపునొప్పి యంతయు ఐ.బి.ఎస్. కాదు. మలములో రక్తము పడుట, బరువు తగ్గుట, సాయంకాలపు జ్వరము, నిద్రలో లేపు విరేచనములు, రక్తహీనత, కడుపులో చేతికి తగులు గడ్డ, ఏబదియేండ్ల వయస్సు దాటిన పిమ్మట క్రొత్తగా మొదలైన బాధ – వీనిలో ఏ యొక్కటి యున్నను బిళ్లతో కాలము గడుపరాదు. మన దేశమున పేగులకు క్షయ సోకుట అరుదు కాదు. క్షయ మందులు ప్రభుత్వాసుపత్రులలో ఉచితము. సకాలమున మొదలిడినచో నయమగును. పెద్దపేగు క్యాన్సరును తొలిదశలో పట్టుకొన్నచో శస్త్రచికిత్సతో బ్రతికింపవచ్చును. ఈ రెండు జబ్బులలోను బిళ్ల నొప్పిని కొంత అణచును. అణచుటయే అపాయము, ఏలయన రోగి నెలల తరబడి ఊరకుండును. ఇక కడుపు ఉబ్బి, వాంతులై, వాయువు కూడ పోక నిలిచినచో పేగు అడ్డుపడినదేమో యని శంకింపవలెను. అట్టివానికి బిళ్ల ఈయక 108కి ఫోను చేయవలెను.

మందుకాక చేయదగిన వున్నవి. ఇసబ్‌గోలు పొట్టు మలబద్ధము గలవారికి మేలు చేయును. నీరు తగినంత త్రాగవలెను. గోధుమ తవుడు మాత్రము కొందరికి బాధను పెంచును. భోజనము వేళకు చేయవలెను. టీలు మూడు కప్పులకు మించరాదు. పాలు పడనివారు మన ప్రాంతమున చాలమంది. కొన్నాళ్లు మాని చూచిన తెలియును. ఆవకాయ మానుమన్నచో మీరు నన్ను మరల పిలువరు గాని, నొప్పి దినములలో తగ్గించుట మంచిది.

కడుపునొప్పి తాళలేక ప్రాణము తీసికొన్నారను వార్త మన పత్రికలలో తరచు చదువుచున్నాము. అట్టి మాట నోట వచ్చినవారిని మందలింపక, ఒంటరిగా విడువక, వైద్యుని యొద్దకు తీసికొనిపొండు. 2022లో నెలకొల్పిన టెలి మానస్ వారి 14416 నంబరు రేయింబవళ్లు పలుకును. పిలుపు ఉచితము, తెలుగులో మాటలాడవచ్చును.

చివరగా మీ చేతిలోనే యున్న పని యొకటి. ఈ జబ్బువారికి విరేచనము హఠాత్తుగా తోసికొని వచ్చును. దారిలో చోటు దొరకదను భయముచేత బస్సెక్కరు, సంతకు పోరు, బడికి పిల్లలు పోరు. స్త్రీలు పగలంతయు తినక త్రాగక బిగబట్టుకొందురు, దానితో నొప్పి హెచ్చును. బస్సులాగు చోటను, బడిలోను, పంచాయతీ కార్యాలయము నొద్దను కట్టిన మరుగుదొడ్లు చాలచోట్ల తాళము వేసియున్నవి. వానిని తెరిపించి, నీరు పెట్టించుడు.