మగ్గం ఉన్న ఇంటికి ఏ ఇన్సూరెన్సు?

నాట్రంపల్లి సభలో ఇంటి ఇన్సూరెన్సు గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను ఏజెంటును కాను, ఏదీ అమ్మేదానికి రాలేదు. మగ్గం చప్పుడు వింటూ పెరిగినవాణ్ణి, అంతే.

2021 నవంబరు వానలు ఎవరు మరిచిపోతారు? పాలారు పొంగింది. గుడియాత్తంలో గౌండిన్య నది ఊళ్ళోకి వచ్చింది. పేర్ణంబట్టులో ఇల్లు కూలి 9 మంది పోయారు. ఆ వానల్లోనే మా చిన్నాన్న మగ్గం గుంతలో నీళ్ళు నిలిచిపోయినాయి. ఇంటికి పాలిసీ ఉంది, బ్యాంకు లోను తీసుకున్నప్పుడు కట్టించినది. గోడకు డబ్బు వచ్చింది. మగ్గానికి, నూలుకు మాత్రం “ఇది ఇంటి సామాను కాదు, వ్యాపార సామాను” అనేసినారు. ఆ పడుగు మేస్త్రీది. దాని ఖరీదు కూలిలో పట్టుకుంటూ పోయినారు, రెండేళ్ళు పట్టింది తీరేదానికి.

అందుకే చెప్తున్నా, మన ఇల్లు ఒట్టి ఇల్లు కాదు, పని చేసే చోటు కూడా.

2021 ఏప్రిల్ 1 నుంచి ‘భారత్ గృహ రక్ష’ అని ఒక పాలిసీ ఉంది. ఏ కంపెనీ దగ్గర తీసుకున్నా ముఖ్యమైన షరతులు ఒకటే. నిప్పు, పిడుగు, తుపాను, వరద, భూకంపం ఇందులో వస్తాయి. స్థలం ఖరీదు లెక్కలోకి రాదు, తిరిగి కట్టేదానికి అయ్యే ఖర్చే లెక్క. 500 చదరపు అడుగుల ఇల్లు, అడుగుకు 1,500 రూపాయలు అనుకోండి, 7,50,000 అవుతుంది. ఇంటి సామానుకు అందులో 20 శాతం, అంటే 1,50,000, దానంతట అదే చేరుతుంది (పై హద్దు 10 లక్షలు). నగలకు వేరేగా అడగాలి. దొంగతనం విషయంలో చాలామంది మోసపోతారు. వరద లాంటి నష్టం జరిగిన 7 రోజుల లోపల, దానివల్ల జరిగిన దొంగతనానికే ఇస్తారు. మామూలుగా తాళం పగిలితే ఈ పాలిసీలో రాదు. చెద తిన్నా, పాత గోడ కురిసినా రాదు.

మరి మగ్గానికి? అదే రోజు నుంచి వచ్చిన ‘భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష’ చిన్న పనివాళ్ళ కోసమే. యంత్రాలు, సరుకు అందులో రాయించుకోవచ్చు. గృహ రక్ష తీసుకునేటప్పుడు కూడా “ఇంట్లో మగ్గం ఉంది” అని దరఖాస్తులోనే రాయించండి. తాటాకు కప్పు ఉంటే అదీ చెప్పండి. నోటిమాట వద్దు, కాగితం మీద ఉండాల. దాచిపెడితే క్లెయిము రోజున దొరికిపోతాం.

నూలు ఎవరిదో కూడా తేల్చుకోండి. సంఘానిదో మేస్త్రీదో అయితే, వాళ్ళ పాలిసీలో మీ ఇంటి చిరునామా ఉందా అని అడగండి. అడిగేదానికి సిగ్గెందుకు? తడిసినాక కట్టేది మనమే కదా.

నష్టం జరిగితే ముందు ఫోటోలు తీయండి, వెంటనే కంపెనీకి చెప్పండి, సర్వేయరు చూసేదాకా తడిసిన నూలు పారేయకండి. కంపెనీకి రాతలో ఫిర్యాదు ఇచ్చి 30 రోజులైనా జవాబు రాకపోతే చెన్నైలో ఇన్సూరెన్సు అంబుడ్స్‌మన్ ఉన్నారు. ఖర్చు లేదు, వకీలు అక్కర్లేదు.

పాలిసీ కాగితం ఉన్నవాళ్ళు భోజనాలైనాక నా దగ్గరికి తీసుకురండి, కలిసి చదువుదాం.