అప్పగించిన వడ్లు అమ్ముకుంటే బకాయి ఎట్లయితది?



నెట్టెంపాడు, కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్లొచ్చినంక గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్‌ల వడ్లు కుప్పలు పడ్డయి. కొనుగోలు కేంద్రంల తేమ 17 శాతం దాటితే రైతును పక్కకు నిలబెడ్తరు. తాలు పేరు మీద తరుగు కోస్తరు. అవే వడ్లు లారీ ఎక్కి మిల్లుకు పోయినంక అడిగే నాథుడు లేడు.

ఆ వడ్లు మిల్లరువి కావు. మద్దతు ధర కట్టి సర్కారు కొన్నవి. మర ఆడించి క్వింటాలుకు 67 కిలోల పచ్చి బియ్యం, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు తిరిగియ్యాలె. మర కూలి సర్కారే ఇస్తది. తౌడు, ఊక ఆయనకే. అయినా వడ్లను బయట అమ్ముకున్నోళ్లున్నరు. రేషన్ బియ్యం కొని, పాలిష్ పట్టి అప్పజెప్పినోళ్లున్నరు. వనపర్తి జిల్లాల ఇసుంటి మిల్లర్ల మీద క్రిమినల్ కేసులు కూడా అయినయి.

ఆఫీసుల్ల దీనికి పెట్టిన ముద్దు పేరు 'సీఎంఆర్ బకాయి'. ఏం బకాయి? మామూలు దొంగతనానికి మూడేండ్ల దాకా జైలు. నమ్మి అప్పగించిన సొత్తును వ్యాపారో, ఏజెంటో, ప్రభుత్వోద్యోగో కాజేస్తే యావజ్జీవం దాకా పడొచ్చు. పాత ఐపీసీల అది 409. 2024 జూలై 1 నుంచి జరిగిన నేరాలకు భారతీయ న్యాయ సంహిత 316(5). రెవెన్యూ రికవరీ కింద ఆస్తి జప్తు చేసి సొమ్ము రాబట్టినా కేసు మాసిపోదు. కుమ్మక్కై స్టాకు ఉన్నట్టు సంతకం పెట్టిన అధికారికైతే 1988 అవినీతి నిరోధక చట్టం అదనం.

మీ కేంద్రం నుంచి ఏ మిల్లుకు ఎన్ని బస్తాలు పోయినయో ట్రక్ షీట్లల్ల ఉంటది. జిల్లా పౌర సరఫరాల ఆఫీసుల 10 రూపాయలు కట్టి, సమాచార హక్కు కింద ఆ నకళ్లడుగుండ్రి. వాపసొచ్చిన బియ్యం లెక్క గూడ అండ్లనే రాయుండ్రి.