చెరుకు దీవిలో న్యాయపీఠం

బెల్లం మార్కెట్టు దావాల్లో పేరు తెచ్చుకున్న వకీలు గారి స్మారక సభ ఇది. కనుక అనకాపల్లిలో నేనూ చెరుకుతోనే మొదలుపెడతాను. అయితే నేను చెప్పబోయే కోర్టులు ఫిజీ దీవులవి.

1903 నుంచి 1916 దాకా మద్రాసు రేవు నుంచి ఫిజీకి కూలీల ఓడలు వెళ్లాయి. తమిళ జిల్లాలవాళ్లతో పాటు కృష్ణా, గోదావరి, విశాఖపట్నం జిల్లాలవాళ్లూ ఎక్కారు. మన ఊళ్లన్నీ అప్పట్లో విశాఖపట్నం జిల్లాలోవే. ఐదేళ్ల గిర్మిట్ (కూలి ఒప్పందం) మీద వెళ్లి, ఎక్కువమంది చెరుకు తోటల్లో పడ్డారు. రోజుకింతని అప్పగించిన పని పూర్తిచేయకపోయినా, పనికి రాకపోయినా అక్కడ అది క్రిమినల్ నేరం. మేజిస్ట్రేటు ముందు నిలబెట్టి జుల్మానా వేసేవారు, లేదంటే జైలు. కూలీల మీద పెత్తనం చేసే సర్దారు కర్ర ఆగిన చోట కోర్టు మొదలయ్యేది.

1920 జనవరి 1న ఆ ఒప్పందాలు రద్దయ్యాయి. ఎనభై ఏళ్లకు, ఆ దీవిలోని ఒక భారతీయ రైతు తనంతట తానే కోర్టు మెట్లెక్కాడు. పేరు చంద్రికా ప్రసాద్. ఆయన తెలుగువాడని చెప్పి మీచేత చప్పట్లు కొట్టించుకోను.

2000 మే 19న జార్జ్ స్పైట్ ముఠా పార్లమెంటులో జొరబడి ప్రధాని మహేంద్ర చౌదరిని 56 రోజులు బందీగా పట్టుకుంది. మే 29న సైన్యాధిపతి బైనిమరామా 1997 నాటి రాజ్యాంగం రద్దయిందన్నాడు. ఆ అల్లర్లలో మువానివెని ప్రాంతంలో భారతీయ రైతుల ఇళ్లు దోపిడీకి గురయ్యాయి. చాలామంది పారిపోయి లౌటోకాలోని గిర్మిట్ సెంటర్‌లో తలదాచుకున్నారు. ప్రసాద్ కూడా ఆ అల్లర్ల బాధితుడే. రాజ్యాంగం ఇంకా అమల్లోనే ఉందని ప్రకటించమని ఆయన కోర్టును కోరాడు. లౌటోకా హైకోర్టులో నవంబరు 15న జస్టిస్ ఆంథొనీ గేట్స్ అలాగే ప్రకటించారు. అప్పీలు కోర్టులో సర్ మారిస్ కేసీ అధ్యక్షతన ఐదుగురు విదేశీ న్యాయమూర్తులు 2001 మార్చి 1న ఆ తీర్పునే ఖాయం చేశారు.

తుపాకీతో వచ్చిన ప్రభుత్వమైనా నిలదొక్కుకుంటే అదే చట్టమైపోతుందన్న వాదన ఒకటుంది. పాకిస్తాన్ సుప్రీంకోర్టు 1958లో దోసో కేసులో దానికి తలూపింది. ఫిజీ అప్పీలు కోర్టు అక్కడ మెలిక పెట్టింది. నిలదొక్కుకున్నామని రుజువు చేసే భారం అలా వచ్చిన సర్కారుదే. మౌనం అర్ధాంగీకారం అంటాం మనం. ఆ కోర్టు ఒప్పుకోలేదు. జనం భయంతో ఊరుకున్నారా, మనస్ఫూర్తిగా ఒప్పుకున్నారా అని అడిగింది. సర్కారు దగ్గర సరిపడా సాక్ష్యం లేదు. తీర్పు వచ్చాక కూడా చౌదరిని తిరిగి గద్దెక్కించలేదు కానీ, ఆ ఏడాది ఎన్నికలు ఆ రాజ్యాంగం కిందే జరిగాయి.

2006 డిసెంబరు 5న బైనిమరామా ఈసారి తానే సైనిక తిరుగుబాటు చేశాడు. నెల తిరిగేసరికి చీఫ్ జస్టిస్ డేనియల్ ఫటియాకిని సెలవు పేరుతో పక్కకు తప్పించారు. ఆ కుర్చీలో తాత్కాలికంగా కూర్చున్నది గేట్స్. 2008 అక్టోబరు 9న ఆయన ధర్మాసనం సైనిక సర్కారును సమర్థించింది. 2009 ఏప్రిల్ 9న విదేశీ న్యాయమూర్తులున్న అప్పీలు కోర్టు ఆ తీర్పును కొట్టేసింది. మర్నాడే దేశాధ్యక్షుడు ఇలోయిలో రాజ్యాంగాన్ని రద్దు చేసి, న్యాయమూర్తులందరినీ తీసేశాడు. మే నెలలో గేట్స్ మళ్లీ చీఫ్ జస్టిస్ అయ్యారు, 2019 దాకా ఉన్నారు.

గేట్స్‌ను అవకాశవాది అనేసి చేతులు దులుపుకోవడం తేలిక. నాకు ఆయన 2008 తీర్పులోనే లోపం కనబడుతుంది. రాజ్యాంగంలో రాయని అధికారం ఒకటి అధ్యక్షుడికి మిగిలి ఉందని, దాన్ని ఆయన ఎలా వాడాడో విచారించడం కోర్టు పని కాదని అందులో రాశారు. అంటే సర్కారు మీద మోపిన రుజువు భారాన్ని కోర్టే దించేసింది.

ఇప్పుడున్నది 2013 రాజ్యాంగం. దాని ప్రకారం అటార్నీ జనరల్‌ను సంప్రదించి ప్రధాని ఇచ్చే సలహా మీద చీఫ్ జస్టిస్ నియామకం జరుగుతుంది. విదేశీ న్యాయమూర్తులను మూడేళ్లకు మించకుండా వేస్తారు, మళ్లీ వేయవచ్చు. మన సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి జస్టిస్ మదన్ లోకుర్ 2019లో అక్కడి సుప్రీంకోర్టులో ప్రమాణం చేశారు. బయటివాడు తటస్థంగా ఉంటాడంటారు. 2001లో, 2009లో అది నిజమైంది కూడా. కానీ మళ్లీ వేస్తారన్న ఆశ ఉన్నచోట ఆ తటస్థత నిలవడం కష్టం. నన్నడిగితే, విదేశీ న్యాయమూర్తికి గడువు కాస్త పెంచి ఒక్కసారే ఇవ్వాలి, పొడిగింపు ఉండకూడదు.