సైకిలుపై సరుకు, రహదారిపై జాగ్రత్త



హైదరాబాదుకు తూర్పున ఉన్న మౌలాలి, నాచారం, ఉప్పల్ రోడ్ల సంగతి మీలో చాలామంది ఎరుగుదురు. ఒకవైపు కార్ఖానాల లారీలు, మరొకవైపు వరంగల్లు పోయే బస్సులు. ఉప్పల్ దగ్గర మూసీ నీటితో పశుగ్రాసం, ఆకుకూరలు పండిస్తున్నారు. గడ్డిమోపో, కూరమూటో, పాలడబ్బాలో సైకిలుకు కట్టుకొని ఇటువంటి రోడ్డెక్కేవారు ఈ నాలుగు మాటలు వినవలెను.

ముందు వేగం లెక్క చూడండి. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు సాగిపోతుంది. డ్రైవరు మిమ్మల్ని చూసి బ్రేకు తొక్కేలోపే ఆ దూరం గడిచిపోతుంది. కనుక అతడు మిమ్మల్ని దూరం నుంచే చూడాలి. మోపు వెనక్కి వేలాడితే సైకిలు ఎర్రబిళ్ళ కనబడదు. మోపుకే వెనుక ఎర్రగా మెరిసే పట్టీ కట్టండి. చీకటిలో ముందు దీపం, వెనుక ఎర్రదీపం ఉండవలెను. తెల్లచొక్కా మేలు.

రెండవది, రోడ్డు అంచుకు మరీ ఒదిగి పోకండి. అక్కడ ఇసుక, కంకర, మురుగుకాల్వ మూతలు ఉంటవి. రెండు మూడడుగులు వదిలి, వంకరలు పోక తిన్నగా తొక్కండి. దగ్గరిదారి అని ఎదురు దిక్కున మాత్రం పోవద్దు.

మూడవది అన్నిటికంటె ముఖ్యం. ట్రాక్టరుకు ట్రాలీ తగిలించి మలుపు తిప్పినవారికి తెలుసు: ఇంజను గట్టు తప్పించుకొని పోయినా, ట్రాలీ గట్టును ఒరుసుకొని పోతుంది. లారీ కూడా అంతే. అది ఎడమకు తిరిగితే వెనుక చక్రాలు లోపలికి కోసుకొని వస్తవి. ఆ పక్కన ఉన్న సైకిలు డ్రైవరుకు కనబడకపోవచ్చు. చౌరస్తాలో ఆగిన లారీకి ఎడమ పక్కన దూరకండి, వెనుకనే ఆగండి.

నాలుగవది, ఉప్పల్ వంటి పెద్ద చౌరస్తాలో దిగి, సైకిలు నడిపించుకొని దాటండి. లోపలి వీధి దారి కాస్త చుట్టయినా అదే మేలు.

2022లో మన దేశపు రోడ్లపై 1,68,491 మంది చనిపోయారు. అందులో సగానికి మించి జాతీయ, రాష్ట్ర రహదారుల మీదనే. జాగ్రత్త సైకిలువానిది ఒక్కనిదే కాదు. 2023లో నగరానికి పడమట ఔటర్ రింగురోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిలు బాట వేశారు. పొట్టకూటికి సైకిలు తొక్కేవారి రోడ్లకూ అటువంటి బాట కావాలని గ్రామసభలలో, పురపాలక సంఘాలలో గట్టిగా అడగండి.

విస్తరణ కార్యకర్తలారా! విత్తనాలు, ఎరువుల మాటతోపాటు ఈ మాట కూడా చెప్పండి. సమావేశానికి వచ్చిన ప్రతి సైకిలుకూ బ్రేకులు, ఎర్రబిళ్ళ ఉన్నదీ లేనిదీ చూడండి.

గడ్డిమోపు గడియ ఆలస్యంగా చేరినా బర్రె తింటుంది. మోసుకొచ్చే మనిషి చేరకపోతే ఆ ఇంటికి దిక్కెవరు? నిదానమే ప్రధానం. సెలవు.