మూత్రపిండముల పనిని కొలుచుట ఎట్లు?
(రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠము)



రజతోత్సవ వేళ వైద్య విషయమేల యని కొందరికి తోచవచ్చును. అక్షరములు నేర్చినవాడు తన రక్తపరీక్ష కాగితమును గూడ చదివి తెలిసికొనగలుగుట గ్రంథాలయమునకు ఫలమే గదా!

శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దాన ప్రాంతమున, కవిటి, సోంపేట మొదలగు మండలములలో, మధుమేహము గాని రక్తపుపోటు గాని లేనివారికి సైతము దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి వచ్చుచున్నది. కారణ మింకను నిర్ధారణ కాలేదు. ఈ వ్యాధి మొదట నొప్పి పుట్టింపదు. కావున కొలిచి చూచుటయే దానిని ముందుగా పట్టు మార్గము.

ఒక్కొక్క మూత్రపిండమున సుమారు 10 లక్షల సూక్ష్మమైన వడపోత భాగములు కలవు. రెండును కలిసి దినమునకు దాదాపు 180 లీటర్ల ద్రవమును వడగట్టి, ఒకటి రెండు లీటర్లు మాత్రము మూత్రముగా విడిచి, తక్కినది రక్తమునకే చేర్చును. నిమిషమునకు ఎన్ని మిల్లీలీటర్లు వడగట్టునో అదియే వడపోత వేగము. ఆరోగ్యవంతులగు యువకులలో అది 100 మొదలు 120 వరకు ఉండును. 60 కంటె తగ్గి 3 నెలలు దాటినను కోలుకొననిచో దీర్ఘకాలిక వ్యాధి యందురు. 15 కంటె తగ్గినచో మూత్రపిండములు విఫలమైనట్లే.

ఇన్యులిన్ అను పదార్థమును రక్తములోని కెక్కించి ఈ వేగమును నేరుగా కొలువవచ్చును గాని, అది శ్రమతో కూడిన పని. అందుచేత వైద్యులు క్రియాటినిన్‌ను చూతురు. ఇది కండరములలో నిత్యము పుట్టు వ్యర్థపదార్థము. వడపోత తగ్గినకొలది రక్తములో పెరుగును.

అయితే ఆ అంకె యొక్కటే చాలదు. 1976లో కాక్‌క్రాఫ్ట్, గాల్ట్ అనువారు ఒక లెక్క ప్రకటించిరి. 140 నుండి వయస్సును తీసివేసి, శేషమును కిలోల బరువుతో హెచ్చించి, దానిని 72, క్రియాటినిన్‌ల లబ్ధముచే భాగింపవలెను. స్త్రీల విషయమున ఫలితమును మరల 0.85తో హెచ్చింపవలెను. 25 ఏండ్ల వయస్సు, 70 కిలోల బరువు గల యువకునికిని, 70 ఏండ్ల వయస్సు, 45 కిలోల బరువు గల వృద్ధురాలికిని క్రియాటినిన్ 1.2 యే యున్నదనుకొందము. యువకునికి 93 వచ్చును. వృద్ధురాలికి 31 మాత్రమే! అంకె చిన్నదే గదా యని ఆమె ఊరకుండిన ఎంత ప్రమాదమో చూడుడు.

నేడు ఈ లెక్కను ముఖ్యముగా మందుల మోతాదు నిర్ణయించుటకు వాడుదురు. వ్యాధి దశను తెలిసికొనుటకు సి.కె.డి.–ఇ.పి.ఐ. అను సూత్రము వాడుకలో నున్నది. 2009లో వెలువడిన ఈ సూత్రమునుండి, 2021 సవరణలో జాతిభేదమును తొలగించిరి. దీనికి క్రియాటినిన్, వయస్సు, స్త్రీపురుష భేదము చాలును.

ఇవన్నియు అంచనాలే. కండ తక్కువైన బక్కవారిలో క్రియాటినిన్ తక్కువగా పుట్టును గనుక, లెక్క ఉన్నదానికంటె మేలుగా చూపును. అట్టివారికి సిస్టాటిన్-సి పరీక్ష తోడ్పడును. మూత్రములో ఆల్బుమిన్ పోవుచున్నదేమో చూచుటయు అవసరము. వడపోత వేగము తగ్గకమునుపే అది బయటపడవచ్చును.

కావున పరీక్ష కాగితములను పారవేయక తేదీల వరుసను దాచుకొనుడు. “నా వడపోత వేగ మెంత? క్రిందటిసారికంటె తగ్గినదా?” అని వైద్యుని తప్పక అడుగుడు.