పాత కార్ల క్రయవిక్రయాలు: లాభమూ అమానతూ

 



విదేశాలలో స్థిరపడిన మన యువకులు కొందరు ఒక ప్రశ్న అడుగుతున్నారు. పాతకాలపు స్పోర్ట్స్ కారును కొని, ఎక్కువ ధరకు తిరిగి అమ్మడం హలాలేనా? డీలరు వేసుకునే లాభానికి షరీఅత్‌లో హద్దు ఉన్నదా? ప్రశ్న కార్ల గురించే అయినా, సమాధానం వ్యాపారం చేసే ప్రతి విశ్వాసికీ అవసరమే.

ఆ కార్ల ధరలు మనిషిని ఆశ పెట్టేవే. ఫెరారీ సంస్థ 1962-64 మధ్య 250 జీటీవో అనే కార్లను 36 మాత్రమే తయారు చేసింది. వాటిలో ఒకటి 2018లో అమెరికాలో జరిగిన వేలంలో 4 కోట్ల 84 లక్షల డాలర్లకు అమ్ముడైంది.

లాభం విషయంలో హజ్రత్ ఉర్వా (రజి) వృత్తాంతం మనకు దారి చూపుతుంది. మేకను కొనితెమ్మని దైవప్రవక్త (స) ఆయనకు ఒక దీనారు ఇచ్చారు. ఆయన దానితో రెండు మేకలు కొని, ఒకదానిని ఒక దీనారుకు అమ్మి, మేకనూ దీనారునూ తెచ్చి అప్పగించారు. ప్రవక్త (స) ఆయన వ్యాపారంలో శుభం కలగాలని దుఆ చేశారు.

ఇందులో రెండు పాఠాలున్నాయి. మొదటిది: పెట్టుబడికి రెట్టింపు వచ్చినా అది నిషిద్ధం కాలేదు. తన సొమ్ముతో కారు కొని, మరమ్మతు చేయించి, షెడ్డు అద్దె, బీమా భరించి, ధర పడిపోతే నష్టపోయేది డీలరే. నష్టాన్ని మోసేవానికే లాభంపై హక్కు ఉంటుంది. రెండవది: ఉర్వా (రజి) ఇతరుల సొమ్ముతో పని చేశారు కనుక, మిగిలినదంతా యజమానికే అప్పగించారు. యజమాని కారును కమీషన్‌పై అమ్మిపెట్టే డీలరు అసలు ధరను దాచి, మాట్లాడుకున్న కమీషన్‌కు మించి మిగుల్చుకుంటే అది లాభం కాదు, అమానతులో ద్రోహం.

సోదరులారా!

లాభం హలాల్ అయినంత మాత్రాన లోపాన్ని దాచడం హలాల్ కాదు. పాత కారులో ఇంజను, ఛాసిస్ నంబర్లు కర్మాగారపు రికార్డుతో సరిపోతేనే పూర్తి విలువ. ఇంజను మార్చిన సంగతి చెప్పకపోవడం, తుప్పుపై పుట్టీ పెట్టి రంగు వేయడం, మీటరును వెనక్కి తిప్పడం, నకలును అసలుగా చూపడం, ఇవన్నీ మోసాలే. మదీనా బజారులో ధాన్యపు కుప్పలో చేయి పెట్టి, పైన పొడిగానూ అడుగున తడిగానూ ఉండటం చూసిన దైవప్రవక్త (స), తడిసిన ధాన్యాన్ని పైనే ఎందుకు ఉంచలేదని ఆ వర్తకుని నిలదీశారు. రంగు కింది తుప్పుకూ ఇదే న్యాయం. దాచిన లోపం బయటపడితే, సరుకు తిప్పి ఇచ్చే హక్కు కొన్నవానికి ఉంటుంది. కొనే ఉద్దేశం లేకుండా వేలంలో పాట పెంచడాన్ని కూడా ప్రవక్త (స) నిషేధించారు.

ఇక కొనేవారికి ఒక హెచ్చరిక. 1980ల చివర ఈ కార్ల ధరలు వేగంగా పెరిగాయి. ఆ ఊపులో, 1988లో బ్రిటన్‌లో ప్రదర్శించిన జాగ్వార్ ఎక్స్‌జే220 కోసం అనేకులు 50 వేల పౌండ్ల చొప్పున ముందుగా చెల్లించారు. చేతికి రాగానే ఎక్కువ ధరకు అమ్మాలన్నది వారిలో చాలామంది ఆలోచన. ప్రదర్శనలో 12 సిలిండర్ల ఇంజను ఉండగా, 1992లో వచ్చిన కారులో 6 సిలిండర్లే ఉన్నాయి. అప్పటికే ధరలు కుప్పకూలాయి. వ్యవహారం న్యాయస్థానాలకెక్కింది.

కనుక ధర పెరుగుతుందన్న ఆశ ఒప్పందం కాదు. చేతికి రాని సరుకును అమ్మకండి. వడ్డీకి అప్పు తెచ్చి కొనకండి. సంసారానికి కావలసిన సొమ్మును ఇందులో పెట్టకండి. తెలిసిన మెకానిక్కుకు చూపించనిదే బయానా ఇవ్వకండి.

హైదరాబాదులోనో విజయవాడలోనో పాత మోటారుసైకిలు అమ్మే సోదరునికీ ఇదే ధర్మం. ధర మీ ఇష్టం. లోపం చెప్పడం మీ బాధ్యత.

అల్లాహ్ మన వ్యాపారాలలో సత్యాన్నీ, సంపాదనలో బర్కత్‌నూ ప్రసాదించుగాక! ఆమీన్.